ఒక గొంతు, ఎనిమిది మీటలు

జానపద నాద పరిరక్షణ మండలిలో నేను సౌండు టెక్నీషియన్ని, రెండో గ్రేడు. మొదటి గ్రేడు టెక్నీషియన్ పదకొండేళ్ల కిందట రిటైరయ్యాడు. ఆయన కుర్చీ మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. రోజూ తుడుస్తారు. ఖాళీ పోస్టు తాలూకు కుర్చీలో ఎవరూ కూర్చోకూడదని ఉత్తర్వు ఉంది కాబట్టి నేను స్టూలు మీద కూర్చుంటాను.

ఆ ఏడాది ఏప్రిల్‌లో పైనుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "ఇకమీదట కళాకారుడు సంస్థ గుమ్మం తొక్కనవసరం లేదు. సంస్థయే కళాకారుని గుమ్మం తొక్కును." పథకం పేరు గృహ ధ్వనిముద్రణ. వయసు మళ్లిన కళాకారుల పాటలను వాళ్ల ఇళ్లలోనే రికార్డు చేయాలి. నాకు మహా సంతోషం వేసింది. మా స్టూడియో తలుపు వానాకాలంలో మూసుకోదు, ఎండాకాలంలో తెరుచుకోదు.

జాబితాలో మొదటి పేరు నేనే రాశాను: పొట్నూరు తవిటమ్మ, నక్కలగెడ్డ గ్రామం, శ్రీకాకుళం వైపు. డెబ్బై ఆరేళ్ల మనిషి. జముకుల కథ చెబుతుంది. ఒక పక్క తోలు బిగించి, ఆ తోలు మధ్యనుంచి లాగిన తీగను మీటితే పలికే వాద్యం జముకు. తమ్ముడు పైడయ్య దాన్ని మీటుతాడు, పొరుగింటి సన్యాసమ్మ వంత పాడుతుంది. నీలమ్మ కథ మొదటినుంచి చివరిదాకా వచ్చిన మనిషి ఇప్పుడు తవిటమ్మ ఒక్కతే. ఆ తవిటమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆగస్టు ఇరవై మూడున ఆపరేషన్ చేస్తామని విశాఖపట్నం డాక్టర్లు చెప్పారు. తర్వాత గొంతు ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేమన్నారు.

"బాబూ, కోసినాక గొంతు ఉంటదో పోతదో తెల్దు. నీలమ్మ కత నాలోనే ఉండిపోనాది. బేగి రండి," అని ఫోన్ చేసింది.

ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా నాలుగు నెలలున్నాయి. కావలసినంత సమయం అనుకున్నాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు ఉండి కూడా అలా అనుకున్నాను.

కావలసిన సామాను ఒక పేజీలో రాసిచ్చాను: మైకులు, ఒక లాప్‌టాప్, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కంట్రోల్ సర్ఫేస్. ఇంటర్‌ఫేస్ అంటే మైకుల్లోంచి వచ్చే శబ్దాలను కలగాపులగం కానివ్వకుండా విడివిడిగా కంప్యూటర్లోకి పంపే పెట్టె. ఒక్కో మైకుకి ఒక్కో దారి. ఆ దారినే చానెల్ అంటారు. కంట్రోల్ సర్ఫేస్ అంటే చానెల్‌కొకటి చొప్పున జారుడు మీటలున్న పలక. మీటను పైకి జరిపితే ఆ శబ్దం పెరుగుతుంది, కిందికి జరిపితే తగ్గుతుంది. పక్కన అన్నిటినీ కలిపి పెంచే మాస్టరు మీట ఒకటి ఉంటుంది. అంతే సంగతి.

నాకు కావలసింది నాలుగు చానెళ్లే. కానీ మా ఆఫీసులో నాలుగు ఫ్యాన్లు రావాలంటే ఎనిమిది అడగాలి. అందుకని ఎనిమిది చానెళ్లని రాశాను. నేను చేసిన తప్పు అదే. ఈసారి ఎనిమిదీ ఇచ్చారు.

మూడు వారాల తర్వాత పరిపాలనాధికారి నరహరి గారు పిలిచారు. నేను రాసిన పేజీలో ఒక మాట కింద ఎర్రగీత రెండుసార్లు గీసి ఉంది.

"జోగారావ్, ఇక్కడ కంట్రోల్ అని రాశావు."

"అవునండి. కంట్రోల్ సర్ఫేస్."

"ఆ కంట్రోలు ఎక్కడుంటుంది?"

"పలక మీదండి."

"పలక?"

"బల్ల మీదండి."

"బల్ల ముందు ఎవరు కూర్చుంటారు?"

"నేనేనండి."

నరహరి గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "రెండో గ్రేడు ఉద్యోగి చేతిలో కంట్రోలు! అదీ ఎనిమిది చానెళ్ల మీద! డైరెక్టరు గారికి నా ఒక్కడి మీదే కంట్రోలు ఉంది. అది కూడా ఆయన అనుకోవడమే."

"శబ్దం పెంచడం, తగ్గించడమే కదండీ."

"పెంచడం, తగ్గించడం! పరిపాలన అంటే అంతకుమించి ఇంకేముంది నాయనా?"

వారం తిరక్కుండా నియంత్రణ ఉపరితల ఎంపిక సంఘం ఏర్పడింది. డైరెక్టరు హేమాద్రి గారు అధ్యక్షులు. నరహరి గారు, న్యాయ సలహాదారు మంజులవాణి గారు, పద్దుల అధికారి రజాక్ గారు, మరో ఐదు విభాగాల అధిపతులు సభ్యులు. హేమాద్రి గారు మంచివారు. చివర ఎవరు మాట్లాడితే వారితో ఏకీభవిస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు కాబట్టి సమావేశంలో ముందుగా ఎవరూ నోరు విప్పరు. మొదటి సమావేశం గంటా పదినిమిషాల మౌనంతో ముగిసింది. సంస్మరణ సభ అనుకుని వాచ్‌మన్ చెప్పులు విప్పి వచ్చి నిలబడ్డాడు.

జూన్ నెలలో సౌండు షాపు నూకరాజు రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి టిఫిన్ క్యారేజీ అంత ఉంది. నాలుగు చానెళ్లు, నాలుగు గుండ్రటి మీటలు. సంచిలో వేసుకుని బస్సెక్కి వెళ్లిపోవచ్చు. నా కళ్లు దాని మీదే ఉన్నాయి.

"ఇంత చిన్న పెట్టె కోసమా ఇంత పెద్ద సంఘం?" అన్నారు హేమాద్రి గారు. దాంతో అది పక్కకు పోయింది.

రెండోది ఎనిమిది చానెళ్ల పెట్టె, దానికి తగిన పలక. నూకరాజు ఉత్సాహంగా ఒక బొత్తాం నొక్కాడు. ఎవరూ ముట్టుకోకుండానే ఎనిమిది మీటలూ జుయ్‌మని లేచి తలా ఒకచోట ఆగాయి. సంఘం మొత్తం ఉలిక్కిపడి లేచి నిలబడింది.

"వాటికి ఎవరు చెప్పారు?" అన్నారు నరహరి గారు.

"మోటారు మీటలండి. నిన్న ఎక్కడ పెట్టామో గుర్తుపెట్టుకుంటాయి. మళ్లీ మనం చెప్పక్కర్లేదు."

"చెప్పకుండానే పని చేస్తాయా?"

"భేషుగ్గా చేస్తాయండి," అన్నాడు నూకరాజు, అది గొప్ప అనుకుని.

"ఉత్తర్వు లేకుండా పని చేసే వస్తువును ఈ కార్యాలయంలోకి అనుమతించడం ప్రమాదకరమైన సంప్రదాయానికి నాంది అవుతుంది," అన్నారు నరహరి గారు. మోటారు మీటలు ఏకగ్రీవంగా తిరస్కరించబడ్డాయి. మోటారు లేని రకం తెస్తానన్నాడు నూకరాజు.

మంజులవాణి గారు వివరాల కాగితం చదువుతూ ఆగారు. "ఫాంటమ్ పవర్ అని ఉంది. అంటే కంటికి కనిపించని అధికారమా?"

కొన్ని రకాల మైకులకు తీగలోంచే కరెంటు పంపే బొత్తాం అది అని నేను విన్నవించాను.

"తీగ ద్వారా, ఎవరికీ కనబడకుండా, ఎవరికి కావాలంటే వారికి. దీన్నే చట్టం తెరచాటు ప్రాబల్యం అంటుంది." ఆ బొత్తాం మీద లక్కసీలు వేయాలని తీర్మానించారు. సున్నితమైన మంచి మైకులు దాంతో ఎగిరిపోయాయి. గట్టి మైకులు మిగిలాయి.

రజాక్ గారు శబ్దం లోపలికి వెళ్లి బయటికి రావడానికి ఎంత ఆలస్యమవుతుందని అడిగారు. సెకనులో వెయ్యో వంతులు ఐదారు అన్నాడు నూకరాజు. "అంత వేగంగా వెళితే పరిశీలన ఎప్పుడు జరుగుతుంది?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు. ఆ లోటు మార్గదర్శకాల్లో పూడ్చుదామని హేమాద్రి గారు ఓదార్చారు.

జూలైలో మార్గదర్శకాలు వచ్చాయి. పదకొండు పేజీలు. ఎనిమిది మీటలూ ఎనిమిది మంది అధికారులకు సీనియారిటీ ప్రకారం పంచారు. మాస్టరు మీట డైరెక్టరుగారిది. ఏ అధికారి మీటా తన పై అధికారి మీట కన్నా ఎత్తుకు పోరాదు. వేలెడు కన్నా ఎక్కువ జరపాలంటే రాతపూర్వకంగా అనుమతి పొందాలి. ఏ అధికారి చానెలూ ఖాళీగా ఉండరాదు. అధికారుల ప్రమేయం లేని పచ్చి శబ్దాన్ని విడిగా భద్రపరచరాదు. మీటలు దాటి వచ్చిన శబ్దాన్నే రికార్డుగా గుర్తించాలి. ఉద్యోగి అయిన టెక్నీషియన్ తీగలు కలపవచ్చును గాని మీటలను తాకరాదు.

మధ్యలో తవిటమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది.

"ఎప్పుడొత్తారు బాబూ?"

"పెట్టె ఎంపిక జరుగుతోందమ్మా."

"పెట్టేటి బాబూ, పాట నా కాడుంటే?"

దానికి మార్గదర్శకాల్లో సమాధానం లేదు.

ఆగస్టు పంతొమ్మిదిన రెండు జీపుల్లో బయల్దేరాం. నక్కలగెడ్డలో తవిటమ్మది రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదిలో బల్ల వేసి పలక పెట్టాం. దాని చుట్టూ తొమ్మిది కుర్చీలు వేసేసరికి గది నిండిపోయింది. పాడేవాళ్లకు చోటు లేదు.

"పరవాలేదు బాబూ, నాం అరుగు మీద కూకుంటాం," అంది తవిటమ్మ. గృహ ధ్వనిముద్రణలో గృహం అధికారులకు, అరుగు కళాకారులకు దక్కింది.

తర్వాత మైకుల పంపకం. తవిటమ్మ గొంతు సీనియారిటీ ప్రకారం నరహరి గారి మీటకు వెళ్లింది. జముకు మంజులవాణి గారికి, సన్యాసమ్మ వంత మరో అధిపతికి. మిగిలినవి ఐదు చానెళ్లు. ఖాళీగా ఉండరాదు కదా. ఒక మైకు పెరట్లో కోళ్లగంప దగ్గర పెట్టి రజాక్ గారికి ఇచ్చాం. ఒకటి నీళ్లతొట్టి దగ్గర, ఒకటి పెయ్యదూడ మెడ దగ్గర, ఒకటి వీధిగుమ్మం దగ్గర. ఎనిమిదోదానికి ఏమీ దొరక్క, ఆ అధికారి తనే మైకు ముందు కూర్చుని అప్పుడప్పుడు దగ్గుతానన్నారు.

ఉదయం పదకొండుకు కథ మొదలైంది. పైడయ్య జముకు మీటాడు. తవిటమ్మ గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

"గెడ్డ పొంగి వచ్చె నీలమ్మా,
నీ అడుగు ఎనక్కి తియ్యకమ్మా..."

గడ్డ మింగుతున్న గొంతేనా అది! వీధిలో పోయేవాళ్లు ఆగిపోయారు. నా చెవులకున్న హెడ్‌ఫోనుల్లో మాత్రం ఆ గొంతు ఎక్కడో పొరుగూరినుంచి వస్తున్నట్టుంది. హేమాద్రి గారు మరీ ఉత్సాహం చూపినట్టు ఉండకూడదని మాస్టరు మీటను సగంలో ఆపారు. ఆయన కన్నా కింద నరహరి గారు, ఆయన కన్నా కింద మంజులవాణి గారు, అలా మెట్లు దిగింది వరస. కోళ్లకు మాత్రం అనుమతులతో పని లేదు. వాటి మైకు వాటికి మరీ దగ్గర. రజాక్ గారి చానెల్ దివ్యంగా పలికింది.

నీలమ్మ గెడ్డవాగు వరదకు ఎదురు నిలిచే ఘట్టంలో తవిటమ్మ గొంతు ఒక్కసారిగా లేచింది. మీట తగ్గించకపోతే శబ్దం పగులుతుంది. నేను సైగ చేశాను. నరహరి గారు వెంటనే నోట్ రాశారు: "ప్రస్తుత చానెల్‌లో ధ్వని ఉద్ధృతి దృష్ట్యా రెండు వేళ్ల మేర తగ్గింపునకు అనుమతి కోరడమైనది." అది మంజులవాణి గారి దగ్గరికి వెళ్లింది. "ఉద్ధృతి" అనే మాటకు నిర్వచనం కావాలని తిరిగొచ్చింది. సవరించి పంపారు. బల్లంతా తిరిగి, హేమాద్రి గారి సంతకమై చేరేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అప్పటికి వరద తీసేసింది. నీలమ్మ పాపను ఒళ్లో వేసుకుని జోల పాడుతోంది. అనుమతి వచ్చింది కాబట్టి నరహరి గారు మీటను రెండు వేళ్లు తగ్గించారు. జోల మాయమైంది. హెడ్‌ఫోనుల్లో కోడి ఒకటి గుడ్డు పెట్టింది.

ఇంకో నాలుగు రోజుల్లో ఆ గొంతు మీద కత్తి పడుతుంది. మీట నాకు జానెడు దూరంలో ఉంది. ఇద్దరు ఆడపిల్లల చదువులు, పద్దెనిమిదేళ్ల సర్వీసు గుర్తొచ్చాయి. సిగ్గుచేటే గాని దాచను: నేను ముట్టుకోలేదు.

పాట ఆగింది. తవిటమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏటి బాబూ ఇది? నాను పాడతంటే మీరు కాయితాలు తిప్పుతన్నారు?"

"పెంపు తగ్గింపుల ప్రక్రియ అమ్మా," అన్నారు హేమాద్రి గారు.

ఆమె బల్ల దగ్గరికొచ్చి నన్నడిగింది. "ఇందుల నా గొంతు ఏది?"

చూపించాను. ఆమె వేలు మీట మీద ఆనించింది.

"అమ్మా, తాకకూడదు. అది నా పరిధి," అన్నారు నరహరి గారు కంగారుగా.

"ఇల్లు నాది, బల్ల నాది, గొంతు నాది. పరిది నీదేటి బాబూ?"

అందరూ మంజులవాణి గారి వైపు చూశారు. ఆమె పదకొండు పేజీలూ తిప్పారు, మళ్లీ మొదటినుంచి తిప్పారు. "ఉద్యోగులు తాకరాదని ఉంది. ఉద్యోగులు కానివారి విషయమై మార్గదర్శకాలు మౌనంగా ఉన్నాయి. పైనుంచి స్పష్టత తెచ్చుకోవాలి."

పైకి ఫోన్ చేయాలంటే సిగ్నల్ లేదు. సిగ్నల్ కిలోమీటరున్నర అవతల గెడ్డ వంతెన మీద దొరుకుతుందని పైడయ్య చెప్పాడు. ఒకరు వెళితే చాలు. కానీ వెళ్లినవారు ఏం అడుగుతారో ఉన్నవారికి నమ్మకం లేదు, ఉన్నవారు ఏ మీట జరుపుతారో వెళ్లేవారికి నమ్మకం లేదు. సంఘం సంఘంగానే వెళ్లాలని తీర్మానించి తొమ్మిదిమందీ జీపులెక్కారు. నన్ను మాత్రం యంత్రానికి కాపలా ఉండమన్నారు.

జీపుల దుమ్ము తగ్గాక తవిటమ్మ హేమాద్రి గారి కుర్చీలో కూర్చుంది. పైడయ్య, సన్యాసమ్మ లోపలికొచ్చి తలో కుర్చీలో సర్దుకున్నారు. ఇంతసేపటికి ఆ ఇల్లు వాళ్ల ఇల్లులా కనబడింది.

"ఈ కోడిది ఏది బాబూ? దాని నోరు ముయ్యి."

"నేను ముట్టుకోకూడదమ్మా."

"నాను ముట్టుకోవొచ్చా?"

"మీ గురించి ఏమీ రాయలేదు."

"రాయనోలు మంచోలు," అని, నేను చూపించిన చిన్న బొత్తాలు ఒక్కొక్కటే నొక్కింది. కోడి ఆగింది, దూడ ఆగింది, నీళ్లతొట్టి, వీధిగుమ్మం ఆగాయి. దగ్గవలసిన అధికారి చానెల్ కూడా మూగబోయింది. తర్వాత మాస్టరు మీటను చివరిదాకా తోసింది. మైకులు దగ్గరికి జరిపి, రికార్డు బొత్తాం ఎక్కడుందో చూపించి, నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఒంటిగంట వేళ ఆమె కథను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అలాంటి రికార్డింగు నేను మునుపెన్నడూ చూడలేదు. ఒక చేయి తాళం వేస్తోంది, ఇంకో చేయి మీట మీద ఉంది. గొంతు లేవబోయే ముందు ఆ చేయి మీటను తగ్గిస్తోంది, జోల వచ్చేముందు పెంచుతోంది. పాట ఎక్కడ లేస్తుందో, ఎక్కడ వాలుతుందో ఆమెకన్నా ముందు తెలిసినవాళ్లెవరు? మధ్యలో రెండుసార్లు ఆగి గోరువెచ్చని నీళ్లు తాగింది. ఒకసారి నొప్పికి మెడ పట్టుకుంది. "ఆపుదామే అప్పా," అన్నాడు పైడయ్య. "నీలమ్మ గెడ్డ మజ్జిన ఉంటే ఎలగాపుతావురా?" అని మళ్లీ ఎత్తుకుంది. నాలుగు గంటల్లో కథ ఒడ్డు చేరింది.

ప్రశ్న ఏ మాటల్లో అడగాలో వంతెన మీదే తేల్చుకుని సంఘం తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదైంది. "తదుపరి ఉత్తర్వుల వరకు యథాతథ స్థితి కొనసాగించవలెను" అని పైనుంచి స్పష్టత వచ్చిందట. యథాతథంగా తవిటమ్మ అదే కుర్చీలో కూర్చుని టీ తాగుతోంది.

ఇరవై మూడున ఆపరేషన్ జరిగింది. గడ్డ పోయింది, ప్రాణానికి భయం లేదన్నారు. మాట మాత్రం గాలిలా వస్తోంది.

ఆఫీసులో చిక్కు అప్పుడే మొదలైంది. ఉదయం రికార్డు నిబంధనల ప్రకారం జరిగింది కాబట్టి, కోడి సహా, భద్రపరిచి నంబరు వేశారు. మధ్యాహ్నం రికార్డు నీలమ్మ కథ మొత్తం. కానీ నియంత్రించిన మనిషికి హోదా లేదు. హోదా లేని మనిషి నియంత్రించిన శబ్దానికి నంబరు ఎలా వేస్తారు? నెలరోజులు తర్జనభర్జన పడి మంజులవాణి గారే దారి కనిపెట్టారు. తవిటమ్మను ఆగస్టు పంతొమ్మిది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు వరకు గౌరవ నియంత్రణాధికారిగా వెనకటి తేదీతో నియమించి, ఐదు గంటలకు పదవీ విరమణ చేయించారు. రికార్డుకు నంబరు పడింది. నేను లోలోపల గంతులేశాను.

కానీ అధికారి అన్నాక నిబంధనలు వర్తిస్తాయి. మాస్టరు మీట పూర్తిగా పెంచినట్టు రికార్డులో తెలుస్తూనే ఉంది. మెమో తయారైంది. చదివి వినిపించి జవాబు తెమ్మని నన్నే పంపారు.

తవిటమ్మ మంచం మీద కూర్చుని ఉంది, మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని. నేను చదివాను. "తమరు నియంత్రణాధికారిగా ఉన్న కాలమున, పై అధికారి నిర్ణయించిన మేర కన్నా ఎక్కువగా, సదరు గొంతును ఎవరి అనుమతితో పెంచితిరో ఏడు దినములలోగా తెలియజేయవలెను."

ఆమె చేత్తో సైగ చేసింది, ఇంకోసారి చదవమని. చదివాను. భుజాలు కదిలిపోయేలా, చప్పుడు లేకుండా నవ్వింది. "నవ్వకే అప్పా, కుట్లు," అని పైడయ్య గోల పెట్టాడు. కాసేపటికి నన్ను దగ్గరికి రమ్మంది. చెవి ఆనించాను.

"రాయి బాబూ. ఈ గొంతు మాయమ్మ పెంచినాది. అంబలి పోసి పెంచినాది, కత సెప్పి పెంచినాది. అనుమతి ఆవిడనే అడగండి."

అక్షరం మార్చకుండా రాశాను. కింద వేలిముద్ర వేసింది.

పదిహేను పనిదినాలకు జవాబు వచ్చింది: "సంజాయిషీ పరిశీలించడమైనది. సదరు తల్లిగారి ప్రస్తుత చిరునామా తెలియజేయవలెను."

అది పట్టుకుని మళ్లీ నక్కలగెడ్డ వెళ్లాను. అప్పటికి తవిటమ్మ గొంతు కొద్దికొద్దిగా తిరిగొస్తోంది. పాత గొంతు కాదు, గరగరలాడే గొంతు. కాగితంలో ఏముందో చెప్పాను. ఈసారి నవ్వలేదు. కాగితం తీసుకుని పక్కన పెట్టింది. తర్వాత, వాళ్లమ్మ కథ మొదలెట్టేముందు పాడేదట, ఆ దండకం పంక్తి ఒకటి మెల్లగా ఎత్తుకుంది. మొదటి మాట విరిగింది. మళ్లీ ఎత్తుకుంది. పైడయ్య అప్పటిదాకా వాకిట్లో కూర్చున్నవాడు లేచి, కొక్కేనికి వేలాడుతున్న జముకు దించి దుమ్ము దులిపాడు.

ఆ పంక్తి పూర్తయ్యాక తవిటమ్మ ఊపిరి పీల్చుకుని నా వైపు చూసింది.

"మాయమ్మ ఉండేది ఇక్కడే బాబూ. రాసుకో."